కన్ను నాది, నన్నడుగున్రి

నేను ఆ సంఘంలోకి వెళ్ళింది ఒక కరపత్రం పని మీద. అప్పట్లో అనువాదాలే నా బతుకుతెరువు. అబిడ్స్‌లో ఒక చర్చి వెనక మేడ మీద గది ఉందని, శనివారం మధ్యాహ్నాలు అక్కడ కొంతమంది కలుసుకుంటారని ఫోన్‌లో చెప్పారు. వాళ్ళంతా చిన్నప్పటి నుంచి "బుద్ధిమాంద్యం" అన్న మాట వింటూ పెరిగిన పెద్దవాళ్ళు. సంఘాన్ని వాళ్ళే నడుపుకుంటారట. ఇంగ్లిష్ కరపత్రాన్ని వాళ్ళకోసం సులువైన తెలుగులో పెట్టాలి. ఒక గంట పని అనుకున్నాను.

వెళ్ళేసరికి గది బయట వరండాలో తల్లులు, తమ్ముళ్ళు, వదినలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఇంటివాళ్ళెవరికీ లోపలికి ప్రవేశం లేదు. నన్ను కూడా గుమ్మంలోనే ఆపేసింది సంఘం అధ్యక్షురాలు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, జుట్టు బిగించి ముడివేసుకుని ఉంది.

"నువ్వెవరి తరఫున వచ్చినవ్?"

"ఎవరి తరఫునా కాదండీ. కరపత్రం రాయడానికి వచ్చాను."

"రాసుడు మంచిదే. గానీ గీడ మాట్లాడుడు మాది. మేం అడిగినప్పుడే నువ్వు చెప్పాలె. సరేనా?"

సరేనన్నాను. లోపల కూర్చుని నేను ఇంట్లో రాసుకొచ్చిన మొదటి వాక్యం చదివాను: "మేధోపరమైన వైకల్యం గల వ్యక్తులు తమ నిర్ణయాలను తామే తీసుకునే హక్కు కలిగి ఉన్నారు." గదిలో ఎవరూ కదల్లేదు. జిరాక్స్ షాపులో పనిచేసే ముప్పై ఏళ్ళ మనిషి ఒకాయన చెయ్యెత్తి, "గిదంతా మా గురించేనా?" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. సాయంత్రానికి ఆ వాక్యం ఇలా తయారైంది: "మాకు నేర్చుకునుడు ఆలస్యమైతది. గానీ మా సంగతి మమ్మల్నే అడుగున్రి." నేను "అడగండి" అని రాస్తే, "గట్ల మేమెవ్వరం అనం" అని కొట్టేయించారు.

పని అయిపోయింది. అయినా మరుసటి శనివారం మళ్ళీ వెళ్ళాను. ఇంట్లో పది మాటలు కూడా మాట్లాడరని వరండాలోని తల్లులు చెప్పే మనుషులు, తలుపు వేసుకున్నాక అంతసేపు ఎలా వాదించుకుంటారో నాకు అంతుపట్టలేదు. అది చూద్దామనే వెళ్ళాను.

అధ్యక్షురాలిని అందరూ అక్కా అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఆమె నన్ను చెల్లె అంది. వాళ్ళది మెదక్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. తల్లిదండ్రులు పోయాక నాంపల్లిలో తమ్ముడి దగ్గర ఉంటోంది. పొద్దున పూట ఒక బేకరీలో బిస్కెట్లు డబ్బాల్లో సర్దుతుంది. చదవడం రాదు, కానీ చర్చి క్వయర్‌లో పాటలన్నీ కంఠతా పాడుతుంది.

వానాకాలం వెళ్ళేటప్పుడు ఒక శనివారం ఆమె రాలేదు. ఆ పై వారం నల్ల కళ్ళద్దాలతో వచ్చింది. మీటింగు ఎప్పటిలాగే నడిపించి, ఆఖర్న కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"తమ్ముడు దవాఖానకు పోదాం దా అన్నడు. కంట్ల సుక్కలేస్తరేమో అనుకున్న. గౌను తొడిగిన్రు. పండుకోమన్నరు. మొఖం మీద పెద్ద లైటు వెట్టిన్రు. మల్ల కన్నుకు పట్టీ గట్టి ఇంటికి తోలిన్రు."

"ఆపరేషనని ఎవరూ చెప్పలేదా?" ఆగలేక అడిగేశాను.

"డాక్టరు తమ్మునికి చెప్పిండు. తమ్ముడు సరే అన్నడు. కన్ను నాది. నాకెవ్వరు చెప్పలే."

జిరాక్స్ ఆయన ముందుకు వంగాడు. "ఇప్పుడు మంచిగ కనవడ్తుందా?"

"మస్తు కనవడ్తుంది." ఆమె ముఖం విప్పారింది, వెంటనే ముడుచుకుంది. "గదే తంటా. మంచిగైంది గదా, ఇంక కోపమెందుకంటరు ఇంట్ల. కన్ను మంచిగైంది. కోపం గూడ ఉన్నది."

ఆ రెండో కంటిలో కూడా పొర ఉందట. దానికీ ఆపరేషన్ చెయ్యాలన్నారట. "ఈసారి నన్నడగందె పోను" అంది. ఆ మాట మీదే సంఘమంతా లేచింది. మిగతావాళ్ళ అనుభవాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఒకామెకు పన్ను పీకేదాకా తెలియదు. ఒకాయనకు ఏళ్ళ తరబడి మింగుతున్న మాత్ర దేనికో తెలియదు. దవాఖానకే వెళ్ళి మాట్లాడదామని తీర్మానించారు.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర ఆమె తమ్ముడు నాతో అన్నాడు: "మేడం, సూది అంటే మా అక్క చిన్నప్పుడు బజారంత ఉరికేది. భయపెట్టుడు ఎందుకని చెప్పలే. సుక్కలు కూడ నేనే ఏసిన. గిప్పుడు మీ మీటింగుల నా పేరు ఖరాబైతుంది."

నిజంగానే చుక్కలన్నీ అతనే వేశాడు. అందుకోసం తను పనిచేసే షాపుకు సెలవు పెట్టాడు.

దవాఖానకు వెళ్ళే ముందు గదిలో రిహార్సల్ పెట్టుకున్నారు. జిరాక్స్ ఆయన డాక్టరు. ఇంకొకామె పేషెంటు. అక్క తన తమ్ముడి వేషం కట్టింది. ఒక చెయ్యి నడుము మీద, ఒక చేత్తో ఫోన్.

"ఏమైంది ఈమెకు?" అన్నాడు డాక్టరు, పేషెంటు వైపు చూడకుండానే.

"ఏం లే సార్, జర పొరొచ్చింది. తీసేయున్రి. ఆమెకేం తెల్వది" అంది అక్క, అచ్చం తమ్ముడి గొంతుతో.

గదంతా నవ్వులు. వరండా కిటికీ అవతల తమ్ముడు కూడా గట్టిగా నవ్వాడు. పేషెంటు వేషంలో ఉన్నామె మాత్రం కుర్చీలో తల వంచుకుని, ఎవరూ చెప్పకుండానే, తన చేతులు తాను చూసుకుంటూ కూర్చుంది. అతను అది చూశాడు. ఆ తర్వాత నవ్వలేదు.

నాంపల్లిలో అక్కకు మొదటి ఆపరేషన్ చేసిన కంటి దవాఖానకు అక్క, జిరాక్స్ ఆయన, నేను వెళ్ళాం. తమ్ముడు తనంతట తానే వచ్చి బయట హాల్లో కూర్చున్నాడు. డాక్టరు నడివయసు మనిషి, తొందరలో ఉన్నాడు. ముగ్గురినీ చూసి నాతో మొదలుపెట్టాడు.

"చెప్పండి మేడం, పేషెంటుకి ఏంటి ప్రాబ్లం?"

నోరు తెరవకుండా ఉండడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పెద్దమనిషి అడుగుతుంటే బదులు చెప్పకపోవడం మా ఇళ్ళల్లో మర్యాద కాదు. గోడ మీద అక్షరాల అట్ట వైపు చూస్తూ ఉండిపోయాను.

"సార్, ఇటు. నేను గీడున్న" అంది అక్క. ఆయన తిరిగాడు. "కుడికన్నుకు ఆపరేషన్ అంటున్రు. ముందుగాల నాకు చెప్పున్రి."

"భయపడాల్సిందేం లేదమ్మా. చిన్న ఆపరేషన్."

"భయమని నేననలే సార్. ఏం చేస్తరో చెప్పమన్న."

ఆయన అల్మారాలోంచి ప్లాస్టిక్ కన్ను తీశాడు. విప్పితే భాగాలుగా విడిపోయేది. అక్క దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"పోయినసారి కన్ను బయటికి దీసి, కడిగి, మల్ల వెట్టిన్రనుకున్న."

"ఇప్పటిదాకా అలాగే అనుకుంటున్నారా?"

"ఔ. ఒక పక్కకు తిరిగి పండుకోలే ఇప్పటిదాక. ఊడిపోతదేమోనని."

డాక్టరు చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేశాడు. కుర్చీ జరుపుకుని ఆమె ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. కన్ను బయటికి రాదని, లోపల ఒక చిన్న లెన్సు మసకబారిందని, సన్నటి గాటు పెట్టి దాన్ని తీసి కొత్తది పెడతామని, ఒక్కో ముక్కా విప్పి చూపిస్తూ చెప్పాడు.

"పాతది ఏడ వోతది?"

"పొడిపొడి చేసి సన్న గొట్టంతో లాగేస్తాం."

"మరి కొత్త లెన్సుల నుంచి చూస్తే, చూసింది నేనా, లెన్సా?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "మీరేనమ్మా. అది కిటికీకి అద్దం మార్చినట్టు."

"అయితే మంచిదే. ఇంకోటి. లోపల నాతోని ఎవరన్న మాట్లాడాలె. ఇప్పుడు గిది చేస్తున్నం, ఇప్పుడు గది చేస్తున్నం అని."

"ఆపరేషన్ చేసేటప్పుడు నేను ఎక్కువ మాట్లాడనమ్మా."

"మీరు మాట్లాడకున్రి సార్. కన్ను సంగతి చూసుకోన్రి. సిస్టర్ మాట్లాడుతది."

డాక్టరు పగలబడి నవ్వి సరేనన్నాడు. ఎప్పుడు చేద్దాం అని ఆమెనే అడిగాడు. అక్క చాలాసేపు ఆలోచించింది. ఆయన గోడ గడియారం చూశాడు, నన్ను చూశాడు. వచ్చే వారమే చేయించేసుకోమని చెప్పాలని నాకూ ఉంది. చివరికి ఆమె అంది, "క్రిస్మస్ అయినంక. అప్పటిదాంక పాటలున్నయి."

"పొర ఇంకొంచెం ముదురుతుంది."

"ముదిరితే ఏమైతది?"

"తీయడం కాస్త కష్టమవుతుంది."

"కాస్తనా? శానా?"

"కాస్తే."

"అయితే ఆగుత."

బయట హాల్లో ఈ మాట చెప్పగానే తమ్ముడు విసుక్కున్నాడు. అతను అప్పటికే వచ్చే వారానికి సెలవు అడిగి పెట్టుకున్నాడు. ఇద్దరూ అందరిముందే వాదించుకున్నారు. జిరాక్స్ ఆయన మధ్యలో కలగజేసుకుని, అక్క ప్లాస్టిక్ కన్ను పట్టుకుని ఏమందో అతనికి చెప్పేశాడు. తమ్ముడు మాట మధ్యలో ఆగిపోయాడు.

"నిద్ర వడ్తలేదంటే ఏందో అనుకున్న. నాకొక్క మాట జెప్తే ఏమైతుండె అక్కా?"

"నువ్వు నాకు జెప్పినవా?"

అతను లేచి, "కిందికి పోదాం, ఆకలైతుంది" అన్నాడు. రోడ్డవతల నిలబడి సమోసాలు తిన్నారు ఇద్దరూ. ఎక్కువ మాట్లాడుకోలేదు గానీ, ఆటో ఎక్కేటప్పుడు అతను అడిగాడు, "క్రిస్మస్ అయినంక అంటే ఎప్పుడు? న్యూ ఇయర్‌కు ముందా, ఎనుకా?"

"ఎనుక" అంది ఆమె.

జనవరిలో ఆపరేషన్ అయింది. అనుకున్న ప్రకారం సిస్టర్ మాట్లాడుతూనే ఉందట. అక్క ఒక్కోదానికీ ఎదురు ప్రశ్న వేస్తుంటే, ఆఖరికి డాక్టరే "అమ్మా, ఇప్పుడు కాసేపు ఇద్దరం ఊరుకుందాం" అన్నాడట. బయటికొచ్చిన సిస్టర్ ఈ ముక్క నవ్వుతూ చెప్పింది.

దవాఖాన మొత్తం మారిపోయిందని చెప్పలేను. చీటీ రాసే కౌంటర్లో కొత్తవాళ్ళెవరైనా ఉంటే ఇప్పటికీ పక్కనున్నవాళ్ళనే అడుగుతారు. కానీ ఆ డాక్టరు మా వాళ్ళను పిలిచి నర్సుల ముందు ఆ నాటకం వేయించాడు. నాటకం అయ్యాక ఒక చిన్న వయసు నర్సు లేచింది.

"అంతా చెప్పినం, అర్థమైంది, అయినా పేషెంటు వద్దంటరు. కన్ను పోతదని తెలిసి కూడా వద్దంటరు. అప్పుడు మేమేం చెయ్యాలె?"

"తెల్వది. మేం మాట్లాడుకుంటం" అంది అక్క.

మాట్లాడుకున్నారు. ఒక శనివారం కాదు, చాలా శనివారాలు. ఇంకోసారి, ఇంకో తీరుగా చెప్పి చూడాలన్నాడు జిరాక్స్ ఆయన. ఎన్నిసార్లు చెప్పినా అది బలవంతమే కదా అంది ఒకామె. కన్ను పోయినంక ఎవరు చూసుకుంటరు, ఇంటోళ్ళే కదా, వాళ్ళకు మాట ఉండొద్దా అని ఇంకొకాయన అడిగితే, గది ఒక్కసారిగా వేడెక్కింది. తమ్ముళ్ళనూ వదినలనూ ఆ ఒక్క రోజు లోపలికి పిలవాలా వద్దా అని మరో వాదన మొదలైంది. చేతులెత్తి లెక్కపెడితే వద్దన్నవాళ్ళే గెలిచారు. కానీ ప్రశ్న అడిగిన నర్సును పిలుద్దామంటే అందరూ ఒప్పుకున్నారు.

డ్యూటీ లేని రోజు చూసుకుని ఆ అమ్మాయి వచ్చింది, మామూలు చుడీదార్‌లో. అక్క ఆమెను కిటికీ పక్కన, గాలి తగిలే కుర్చీలో కూర్చోబెట్టి మొదట ఇది అడిగింది: "నీకు ఎవరన్న గట్ల అన్నరా? వద్దని?"

నర్సు తల ఊపింది. "అన్నరు. ఒక తాత."

"ఏమైండు?"

గదిలో అందరూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. ఆ అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది.