కవాలా అత్తగారి చెర్రీ పాకం

డ్యూసెల్‌డార్ఫ్‌లో మా వీధి చివర జరిగే శనివారపు సంతలోకి పుల్ల చెర్రీలు వచ్చాయంటే, ఇక కొన్నాళ్ళ పాటు నా వంటింటి జోలికి ఎవరూ రాకూడదని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. బుట్టెడు పళ్ళు తెచ్చుకుని, బల్లమీద పాత పేపర్లు పరుచుకుని, తలపిన్నుతో ఒక్కొక్క పండులోంచీ గింజ లాగుతూ కూర్చుంటే మోచేతుల దాకా ఎర్రరసం కారి, ఈవిడ ఎవర్నో పొడిచి వచ్చింది కాబోలనుకునేలా ఉంటాను. మొన్నామధ్య సరిగ్గా అలాంటి అవతారంలో ఉండగానే తలుపు గంట మోగింది. తీరా చూస్తే కింది అంతస్తులో కొత్తగా దిగిన కరీంనగర్ అమ్మాయి. చంకలో పాప, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు.

“ఆంటీ, నాతోటి అయితలేదు. టికెట్ చేస్కున్న. నెలాఖరుకు పాపను తీస్కొని పోతున్న,” అంది గుమ్మంలోనే నిలబడి.

పాపకి కీటాలో, అదే పసిపిల్లల బడిలో, సీటు దొరకలేదట, ఏ ఆఫీసుకు ఫోను చేసినా టెర్మిన్ లేదు, ఇప్పుడు కలవడానికి వీల్లేదు అంటారట, పొద్దున పోయిన మొగుడు పొద్దుపోయాక వస్తాడు, వచ్చినా ఆ కంప్యూటరే, మెట్లమీద ఎదురైన వాళ్ళు హలో అని మొహం తిప్పుకుంటారు తప్ప నువ్వెవరమ్మా అని అడిగిన పాపాన పోలేదట. ఆ పిల్లని లోపల కూర్చోబెట్టాను గానీ, సర్దుకుపో తల్లీ అనే మాట నా నోట రాలేదు. ఎలా వస్తుంది? ఆ పిల్ల ఉంటున్న ఆ కింది ఇంటి గుమ్మంలోనే, అదే మాట, నా పాతికేళ్ళ వయసులో నేనూ అన్నాను మరి.

చిలకలూరిపేట దగ్గర పొగాకు పండించే ఇంట్లో పుట్టి, ఇంజనీరు మొగుడి వెంట ఈ దేశం వచ్చినదాన్ని నేను. ఆ రోజుల్లో ఇక్కడ తెలుగు మాట వినాలంటే అద్దం ముందు నిలబడి మనమే మాట్లాడుకోవాలి. ఏడాది ఓర్చుకో, అప్పటికీ నచ్చకపోతే పంపించేస్తానని మావారు మాటిచ్చారు. ఆ ఏడాది ఎప్పుడు నిండుతుందా అని కాలెండరు వంక చూస్తూ బతికాను. కింది ఇంట్లో మావారి ఫ్యాక్టరీలోనే పనిచేసే గ్రీసు దేశపు దంపతులు ఉండేవారు. ఆవిడ నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, అందుకని అక్కయ్యా అని పిలిచేదాన్ని, ఆవిడా పలికేది. ఇద్దరిదీ వచ్చీరాని జర్మనే, సగం చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. వేసవి సెలవులు దాటగానే నేను మా దేశం వెళ్ళిపోతున్నానని ఆ గుమ్మంలో చెబితే, ఆవిడ నా భుజం పట్టుకుని, అయితే ముందు మా ఊరు చూసి వెళ్ళు, కారులో చోటుందంది. పోయేదాన్ని పోనే పోతున్నాను, ఆ ముచ్చటా తీర్చుకుని పోతే ఏం పోయిందని సరేనన్నాను.

వాళ్ళ ఊరు కవాలా. గ్రీసు దేశానికి ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఉంది. ఆస్ట్రియా, యుగోస్లావియాల మీదుగా, సామాన్లతో గుండెల దాకా కుక్కిన కారులో మేం నలుగురం, మధ్యలో ఒక పుచ్చకాయ. నడుం విరిగే ఆ ప్రయాణం గురించి చెప్పడం మొదలుపెడితే అసలు సంగతికి ఎప్పటికీ రాను. కొండ దిగుతూ ఒక మలుపు తిరిగేసరికి, కింద ఊరంతా సినిమా హాల్లో కుర్చీల వరసల్లా మెట్లు మెట్లుగా సముద్రం వైపు మొహం పెట్టి కూర్చుని కనిపించింది. సముద్రంలోకి చొచ్చుకుపోయిన గుట్టమీద పాత ఊరు, దాని నెత్తిన కోట, ఇళ్ళ మధ్యనుంచి రాతి కమానుల మీద కమానులు కట్టుకుంటూ పోయిన పాతకాలపు నీటి కాలువ. రేవు వెంబడి పెద్ద పెద్ద గోడౌన్లు, వరసలు వరసలుగా కిటికీలు. కారు అద్దం దించగానే వాటిలోంచి ఒక వాసన వచ్చింది చూడండీ, పొగాకు! పొగాకు కాల్చే మా బ్యారన్ల దగ్గర నేను పుట్టి పెరిగిన వాసన, ఖండాలు దాటి వచ్చి, ఊరూ పేరూ తెలియని చోట ఎదురొచ్చింది. అక్కడే కారులో భోరున ఏడ్చేశాను. మావారు కంగారుపడి పుచ్చకాయ వాసన పడలేదా అని అడిగారు, మగవాళ్ళకి తోచేవి అలాగే ఉంటాయి.

ఇంటికి చేరేసరికి అక్కయ్య అత్తగారు నల్ల బట్టల్లో గుమ్మంలో నిలబడి ఉంది. మగవాళ్ళు సామాన్లు దించుతుంటే మమ్మల్ని ముందుగదిలో కూర్చోబెట్టారు. చుట్టాలూ ఇరుగమ్మ పొరుగమ్మలూ, గది నిండా ఆడవాళ్ళే, అందరి చూపూ నా చీరమీదే. ఇంతలో ఆ పెద్దావిడ వెండి పళ్ళెం పట్టుకొచ్చింది. మధ్యలో గాజుగిన్నెడు చెర్రీ పాకం, చుట్టూ చెంచాలు, మంచినీళ్ళ గ్లాసులు. ఆ దేశంలో ఇంటికొచ్చిన మనిషికి ముందు నోరు తీపి చేస్తారు. చెంచాడు తీసుకుని, తిని, నీళ్ళు తాగి, ఆ చెంచా మన గ్లాసులో వేసెయ్యాలి, అదీ పద్ధతి. నాకెవరు చెప్పారు? కొత్త అతిథినని పళ్ళెం మొదట నా ముందుకే వచ్చింది.

ఇక్కడ మన తరం వాళ్ళకి నేను వివరించక్కరలేదు. మా నాయనమ్మ ఉన్న ఇంట్లో చెంబు పెదవికి తగిలితే ఆ పూట వీధి అరుగే గతి. ఎంగిలి అన్నది చదువుకంటే ముందు నేర్పిన పాఠం. నేను బుద్ధిగా చెంచా నింపుకుని, తల వెనక్కి వాల్చి, పెదవికి తగలకుండా జానెడెత్తునుంచి పాకం నోట్లో పోసుకుని, ఒక్క చుక్క కింద పడనందుకు లోలోపల మురిసిపోతూ, మడిగా ఉన్న ఆ చెంచాని మళ్ళీ అందరి గిన్నెలోనే పెట్టేశాను.

ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్కయ్య మొహం కందగడ్డ అయింది. వాళ్ళ లెక్కలో నేను తిన్న చెంచాని ఊరందరి గిన్నెలో ముంచిన మొరటుదాన్ని. అది ఎంగిలి కాదు మొర్రో అని చెప్పడానికి నాకు భాష లేదు. భూమి చీలితే బాగుండుననిపించింది. ఈ పరదేశాలూ వద్దు, ఈ మనుషులూ వద్దు, నా ఇంటికి నన్ను పంపించెయ్యండి దేవుడా అనుకుంటూ తల దించుకున్నాను.

అప్పుడా పెద్దావిడ నా ముందుకొచ్చి, మోకాళ్ళమీద కూర్చుని, ఆ చెంచానే తీసి, మళ్ళీ నింపి, నా గడ్డం పట్టుకుని నా నోట్లో పెట్టింది. ఈసారి పెదవులకి తగలకపోతే ఎలా? తగిలింది. అదే చెంచాని మళ్ళీ ముంచి, అందరూ చూస్తుండగా తన నోట్లో పెట్టుకుంది. మా అమ్మ తప్ప నా ఎంగిలి తిన్న మనిషి ఈ భూమ్మీద మరొకరు లేరు. నేనావిడ భుజంమీద తల పెట్టేశాను. గదిలో ఆడవాళ్ళు నవ్వుతూ, కళ్ళొత్తుకుంటూ తలా ఒక చెంచా అందుకున్నారు.

అక్కడున్నన్నాళ్ళూ ఆవిడ నన్ను వెంటేసుకుని తిరిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరు ఊరంతా తలుపులు మూసి నిద్రపోయేది, పిల్లి కూడా కదిలేది కాదు. సాయంత్రం మళ్ళీ అదే ఊరు ఇస్త్రీ బట్టలేసుకుని రేవు వెంబడి ఈ చివరినుంచి ఆ చివరికీ, ఆ చివరినుంచి ఈ చివరికీ నడిచేది, పనేమీ లేకుండా, పలకరింపులకోసమే. జాలరులు ఎనిమిది కాళ్ళ జంతువుల్ని తాడుమీద బట్టలారేసినట్టు ఆరేసేవారు, వాటివంక చూడకుండా నడవడం నేర్చుకున్నాను. ఒకరోజు పక్క పల్లెలో పొగాకు గుచ్చుతున్న ఆడవాళ్ళ దగ్గర కూర్చోబెట్టారు. అక్కడి ఆకు బుల్లిది, అరచేతిలో ఇమిడిపోతుంది. సూది చేతికివ్వగానే నా వేళ్ళు వాటంతటవే పనిలో పడ్డాయి. జిగురుతో నల్లబడ్డ నా చేతుల్ని చూసి పెద్దావిడ తన చేతులు చాచి పక్కన పెట్టింది. తానూ వయసులో ఉన్నప్పుడు ఆ గోడౌన్లలో ఆకు ఏరే పనిచేసిందట.

ఆ సాయంత్రం రేవు గట్టుమీద కూర్చుని ఆవిడ చెప్పింది, అక్కయ్య జర్మనులో నాకు అందించింది. ఆవిడ పుట్టింది ఆ ఊళ్ళో కాదట, సముద్రానికి అవతల టర్కీ గడ్డమీదట. గ్రీసుకీ టర్కీకీ జరిగిన యుద్ధం తర్వాత అటువాళ్ళని ఇటూ ఇటువాళ్ళని అటూ తోలేసినప్పుడు, పసిపిల్లగా తల్లి కొంగు పట్టుకుని పడవ దిగితే, పొగాకు గోడౌనులో దుప్పట్లు అడ్డం కట్టుకుని ఉండమన్నారట. ఊరివాళ్ళు వీళ్ళ మాట యాసగా ఉందని వెక్కిరించేవారట. తల్లి రోజూ మూట సర్దుకుని, రేపు మన ఇంటికి పోతాం అనేదట. ఒకరోజు ఊరావిడ ఒకామె పాకం గిన్నె తెచ్చి, ఉన్న ఒక్క చెంచాతో గోడౌనులో పిల్లలందరికీ పెట్టి, చివరికి తనూ నాకిందట. ఆ రాత్రి అమ్మ మూట విప్పింది, అంది పెద్దావిడ. ఆపైన లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకోమని నాకు సైగ చేసింది.

తిరిగొచ్చేటప్పుడు సీసాడు పాకం నా ఒళ్ళో పెట్టింది. ఇంటికొచ్చిన మర్నాడు మావారు టికెట్ల మాట ఎత్తబోతే, సీసా అయిపోనివ్వండి చూద్దాం అన్నాను. అయిపోయేలోగా అక్కయ్య నాకు చెయ్యడం నేర్పేసింది. ఇక సీసా అయిపోయిందెక్కడ!

ఇదంతా కరీంనగర్ పిల్లకి నేను చెప్పలేదు. ఆ పిల్ల కూర్చుని ఉండగానే ఆ పళ్ళు పాకం పట్టి, దించి చల్లార్చి, కాస్త గిన్నెలో వేసి, చెంచా ఇచ్చి, రుచి చూడమన్నాను. అది తల వెనక్కి వాల్చి, పెదవికి తగలకుండా పోసుకుని, చెంచా తెచ్చి మళ్ళీ గిన్నెలోనే పెట్టింది. నాకు నవ్వాగలేదు, నవ్వుతూనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏమైందాంటీ? ఎంగిలి చెయ్యలే నేను,” అంది బెదిరిపోయి.

నేనా చెంచా నింపి దాని నోట్లో పెట్టి, పాప నాలుకకి కాస్త అంటించి, మిగిలింది నేను నాకాను. వెళ్ళేటప్పుడు సీసా నింపి చేతికిచ్చాను, పెద్దావిడ నా ఒళ్ళో పెట్టిన ఆ గాజుసీసానే.

వారం తిరక్కుండా అది సీసా వెనక్కి తెచ్చింది, నిండుగా.

“ఖాళీ సీసా ఇయ్యొద్దంటది మా అమ్మమ్మ. నిమ్మకాయ తొక్కు పెట్టిన. ఇప్పుడే మూత తియ్యకుండ్రి ఆంటీ, రెండు నెలలు ఊరాలె. అప్పుడు నేనే వచ్చి పోపు పెడ్త.”

పెద్దావిడ ఎప్పుడో పోయింది. అక్కయ్యా బావగారూ పెన్షను పుచ్చుకుని కవాలా వెళ్ళిపోయారు. ఆ గోడౌన్లలో కొన్ని బట్టల కొట్లయ్యాయని, పొగాకు వాసనే లేదని, ఊళ్ళో పిల్లలు మళ్ళీ జర్మనీ బాట పట్టారని అక్కయ్య ఫోనులో చెబుతుంది. మా మెట్లమీద కూడా ఇప్పుడు ఎవరి తలుపు వాళ్ళదే. ఉప్పు అప్పడిగే వాళ్ళు లేరు, పండగనాడు గిన్నెలు పైకీ కిందకీ తిరగడం ఏనాడో ఆగిపోయింది. ఆ సందడి ఇక చూడననుకున్నాను. ఇవాళ మాత్రం కవాలా సీసాలో కరీంనగర్ తొక్కు నా వంటింటి కిటికీలో ఎండకి కూర్చుని ఉంది, రెండు నెలల దాకా దాని మూత తీసే హక్కు నాకు లేదు.