కాలువకు ఇవతల నొక్కిన మీట

ఆరేళ్లుగా మోస్తున్నాను. మొదట్లో ఇది బరువని కూడా తెలియలేదు. దొరక్కుండా తప్పించుకున్నానన్న సంతోషమే ఉండేది. ఇక్కడ కూడా అబద్ధం రాసేటట్టయితే అసలు రాయడమెందుకు? బరువు తరవాత వచ్చింది. అన్నం ముందు కూర్చున్నప్పుడు వస్తుంది, మా ఆవిడ ఏదో అడిగితే నేను బదులు చెప్పేలోపు వస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లతో చెప్పే ధైర్యం నాకు లేదు.

నేను అంబులెన్సులో పనిచేసేవాణ్ణి. డ్రైవర్ పక్కన కూర్చుని వెళ్లి, రోగి ఎక్కాక వెనక్కి మారి, ఆక్సిజన్ పెట్టి, సెలైన్ ఎక్కించి, ఆసుపత్రి దాకా ప్రాణం నిలబెట్టే ఉద్యోగం. పాలకొల్లుకు దిగువన, సముద్రం వైపున్న ఊళ్లు మా బండి కింద ఉండేవి. బండిలో నా ముందు ఒక ట్యాబ్ బిగించి ఉండేది. ఫోన్ చేసినవాళ్ల పేరు, నంబరు, జబ్బు, చోటు అన్నీ అందులోనే పడతాయి. మేం కదిలితే ఒక మీట నొక్కాలి, చేరితే ఒకటి, రోగిని ఎక్కిస్తే ఒకటి, దింపితే ఒకటి. పిలుపు వచ్చిన దగ్గర్నుంచి ‘చేరుకున్నాం’ అనే మీట నొక్కేలోపు గడువు దాటితే ఆ కేసు తెర మీద ఎర్రబడుతుంది. ఎర్రబడితే సంజాయిషీ రాయాలి.

ఆ ట్యాబ్‌ను ఎక్కడో తయారుచేశారు. కాలువంటే ఏమిటో దానికి తెలియదు. బండికీ పిలిచినవాళ్లు చెప్పిన గుర్తుకూ మధ్య గాలిలో గీత గీసి దూరం కొలుస్తుంది. మా వైపు గాలిలో అరకిలోమీటరున్న చోటికి నేల మీద వెళ్లాలంటే వంతెన దాకా పోయి, అవతలి గట్టు పట్టుకుని అంత దూరమూ వెనక్కి రావాలి. అందుకని ఇవతలి గట్టు మీద ఉండగానే ‘చేరుకున్నాం’ నొక్కేసేవాళ్లం. దగ్గరలోనే ఉన్నాం కదా అని అది ఒప్పుకునేది. ఇది నా ఒక్కడి తెలివి కాదు, అందరి అలవాటు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలోనే నేర్పేవాళ్లం. బండి ఎలాగూ వెళుతోంది, ఇందులో ఎవరికి నష్టం అనుకునేవాళ్లం.

ఎండాకాలం. మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దుట్నుంచి నాలుగు కేసులు. ముందురోజు రెండు ఎర్రబడ్డాయని మా పైఅధికారి ఫోన్‌లో నోటికొచ్చినట్టు మాట్లాడాడు. టిఫిన్ లేదు. భోజనం లేదు. అప్పుడు ట్యాబ్ మోగింది. పాము కాటు. రొయ్యల చెరువు కాపలాదారు, ముప్పై అయిదేళ్లుంటాయి. ఫోన్ చేసింది భార్య. గుర్తు, పాలకేంద్రం.

ఆమెను మంగ అంటాను. అసలు పేరు రాసే హక్కు నాకు లేదు. డ్రైవర్‌ను సత్తిబాబు గారు అంటాను. నాకంటే పదేళ్లు పెద్దవాడు, మంచివాడు, మంచివాళ్లందరిలాగే గట్టిగా మాట్లాడలేనివాడు.

కాలువ నీళ్లు ఆపే లాకు దగ్గరికి వచ్చేసరికి నేను మీట నొక్కేశాను. గడువుకు రెండు నిమిషాలు మిగిలాయి. కేసు పచ్చగా ఉండిపోయింది. లాకు పక్కనే ఒక భోజనం హోటలు. బండి ఆపమన్నాను. సత్తిబాబు గారు, “పాము కేసండి, ముందెళ్లొచ్చేద్దామండి” అన్నారు. అయిదు నిమిషాలే అన్నాను. ఆయన దిగి లోపలికి వెళ్లి చెయ్యి కడుక్కున్నారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను.

పాము కాటు అయిదు నిమిషాలు ఆగుతుందా? ఆగదని చదువుకున్నది నేనే. పదిమందికి చెప్పిందీ నేనే. మరి ఎందుకు కూర్చున్నాను? ఆకలని చెప్పుకుంటూ వచ్చాను చాలా ఏళ్లు. ఆకలి నిజమే. కానీ తరవాత నేను చేసిన పనిని ఆకలి చెయ్యమనలేదు.

మంగ అప్పటికి రెండుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి చేసింది. ఆ మాటలు ఒక్కటీ మరిచిపోలేదు.

“ఎక్కడున్నారండీ బాబూ? కళ్లు వాలిపోతున్నాయండి ఆయనకి. మాట ముద్దగా వస్తందండి.”

“వస్తున్నామమ్మా.”

“ఇందాకట్నుంచీ అదే మాటండి. జీతాలు పుచ్చుకోటం లేదాండి మీరు? మీ ఇంట్లో మనిషైతే ఇలాగే వస్తారా?”

అంతే. ఆ ఒక్క మాట. పొద్దున పైఅధికారి తిట్టినప్పుడు నోరెత్తని నాకు, ఒక చెరువు కాపలావాడి పెళ్లాం అడిగేసరికి ఒళ్లు మండిపోయింది. పైవాడి మీద కోపం కిందివాడి మీద చూపించడం తేలిక. తెర మీద ‘చేరుకున్నాం’ అని ఉంది. దాన్నే పైకి చదివాను.

“మేం పాలకేంద్రం దగ్గరే ఉన్నాం. నువ్వే లేవు.”

“నేనిక్కడే ఉన్నానండి. అరుగు మీదే నిలబడ్డానండి.”

“ఇక్కడెవరూ లేరు. ఏ పాలకేంద్రమో తెలుసుకుని చెప్పు ముందు. మా టైము పాడుచేస్తున్నావు.”

“కొత్తదాండీ, పాతదాండీ?”

“అదీ నేనే చెప్పాలా?” అని పెట్టేశాను.

వాళ్ల ఊరికి రెండు పాలకేంద్రాలుండేవి. పాతది మూతపడి చాలాకాలమైంది, ఊరికి ఆ చివర ఉంది. ఆమె అక్కడికి పరిగెత్తింది. మేం భోజనం ముగించి, వంతెన చుట్టి, కొత్త పాలకేంద్రం దగ్గరికి వచ్చేసరికి నిజంగానే ఎవరూ లేరు. కాటు పడిన మనిషిని చెరువు గట్టు మీద పడుకోబెట్టారు, రోడ్డుకు కనబడడు. దారి చూపించాల్సిన మనిషిని నేనే పంపేశాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కంగారులో ఎక్కడో పడేసుకుందట. చుట్టూ ఎటు చూసినా చెరువులే, ఏ గట్టని వెతకాలి? సత్తిబాబు గారు ఒక గట్టు మీద కొంతదూరం నడిచి వచ్చారు. పది నిమిషాలు చూశాక ‘పిలిచినవాళ్లు కనబడలేదు’ అనే మీట నొక్కాను. రూలు ప్రకారమే నొక్కాను. ఇంకో కేసు పడింది, వెళ్లిపోయాం.

ఆ కాపలాదారును అతని అన్న వచ్చి ఆటోలో వేసుకుని తీసుకెళ్లాడు. ఆసుపత్రి మెట్లు ఎక్కిస్తుండగా ఊపిరి ఆగిపోయింది. ఆ సంగతి నాకు మర్నాడు తెలిసింది.

అన్న ఫిర్యాదు చేశాడు. విచారణ జరిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని మా అమ్మ అనేది. నేను ఆ గదిలోకి వెళ్లే ముందు అద్దంలో చూసుకుని మొహం సర్దుకున్నాను. అంత అవసరం లేకపోయింది. ఎవరూ నా మొహం చూడలేదు, కాగితం చూశారు. చేరిన టైము ఉంది, గడువు లోపల ఉంది, పచ్చగా ఉంది. బండి తిరిగిన దారి మొత్తం తీయించి చూసి ఉంటే ఒక్క నిమిషంలో దొరికిపోయేవాణ్ణి. పచ్చగా ఉన్నదాన్ని ఎవరు తవ్వుతారు?

ఆ కాగితం నకలు అన్నకిచ్చారు. దాన్ని అతను ఊళ్లోకి తీసుకెళ్లి అందరికీ చదివి వినిపించాడు. మిషనుకి మంగంటే పగా, అబద్ధం చెప్పడానికి? ఆమె పాత పాలకేంద్రం వైపు పరిగెత్తడం చూసినవాళ్లు నలుగురు సాక్ష్యం చెప్పారు. వాళ్లూ అబద్ధం చెప్పలేదు. బండి వచ్చి నిలబడితే ఇది ఎటో పరిగెత్తిందంది అత్తగారు. కావాలనే పరిగెత్తిందని ఇంకెవరో అన్నారు. ఆ మాట ఒకసారి పుట్టాక చావలేదు.

విచారణ రోజు మంగ వరండాలో కూర్చుని ఉంది. నేను బయటికి వస్తుంటే లేచి నిలబడింది. ఇప్పుడు అరుస్తుంది, నా చొక్కా పట్టుకుంటుంది అనుకున్నాను. పట్టుకుంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. ఆమె చేతులు జోడించింది.

“తప్పు నాదేనండి. కంగార్లో చోటు సరిగ్గా చెప్పలేకపోయానండి. ఆరోజు మిమ్మల్నో మాట కూడా అనేశాను. ఏవనుకోకండి బాబూ.”

నేనేమన్నానో తెలుసా? “పర్లేదమ్మా. ఇంకెప్పుడైనా జాగ్రత్తగా చెప్పు” అన్నాను. ఇంకెప్పుడైనా అన్నాను. ఆమెకు ఇంకో మొగుడున్నట్టు.

ఇంతవరకూ రాసి కలం పక్కన పెట్టాను. రెండు రోజులైంది. ఇక్కడితో ఆపేస్తే చాలనుకున్నాను. ముందే మీట నొక్కాడు, కోపంలో అబద్ధమాడాడు, తిండికి ఆగాడు. ఇంతటితో మీరు నన్ను తిట్టుకుని ఊరుకుంటారు. కోపం ఎవరికి రాదు అని మీలో ఎవరైనా అనొచ్చు కూడా. ఆ ఒక్క మాట కోసమే నేనిది ఇలా రాశానేమో. కాబట్టి మిగిలింది కూడా చెప్పాలి.

నేను కూర్చున్న బల్ల మీద నుంచి పాలకేంద్రం కనబడుతుంది.

కాలువకు అవతలి గట్టు మీద, కాస్త పక్కగా. మధ్యలో నీళ్లు తప్ప ఏమీ లేవు. అరుగు మీద ఆకుపచ్చ చీర కట్టుకున్న మనిషి, చెవి దగ్గర ఫోన్. ‘నువ్వే లేవు’ అన్నప్పుడు నేను ఆమెనే చూస్తున్నాను. నేను ఫోన్ పెట్టేయగానే ఆమె అరుగు దిగింది. పాలకేంద్రం గది చుట్టూ తిరిగి వచ్చింది, మా బండి దాని వెనకాల ఉందేమోనని. మళ్లీ ముందుకొచ్చి రోడ్డుకు రెండు వైపులా చూసింది. కాలువ వైపు మాత్రం చూడలేదు. చూసి ఉంటే తెల్ల బండి కనబడేది. చూడకూడదని నేను కోరుకున్నాను. తరవాత చెంగు నడుముకు దోపుకుని పరిగెత్తింది. ఆమె తప్పు దారిన వెళుతోందని నాకు తెలుసు. చెయ్యి ఊపితే కనబడేది. గట్టిగా పిలిస్తే వినబడేదేమో. లాకు తలుపుల మీద మనుషులు నడిచే పలక ఉంది. మందుల సంచీ భుజాన వేసుకుని నేను నడిచి దాటి ఉంటే మూడు నిమిషాలు పట్టేది. ఊపిరి ఆగకుండా గాలి తిత్తి నొక్కుతూ కూర్చోవడానికి డాక్టరే అక్కర్లేదు. నేను చాలు.

అప్పుడు నాకేమనిపించిందో కూడా చెప్పేస్తాను. బాగా అయింది అనిపించింది. పరిగెత్తనీ అనిపించింది. సత్తిబాబు గారు లోపల్నుంచి ఆకు వేశారని పిలిచారు. వెళ్లాను. మారు అన్నం కూడా వేయించుకున్నాను.

ఆయనకు ఇదంతా తెలియదు. మేం ముందే మీట నొక్కి భోజనానికి ఆగామని మాత్రం తెలుసు. ఆ తరవాత నా బండి ఎక్కలేదు, డ్యూటీ మార్పించుకున్నారు. కారణం నేనడగలేదు, ఆయన చెప్పలేదు. నేనూ ఏడాది తిరక్కుండా మానేసి ఇంకో ఊళ్లో మందుల కొట్టులో చేరాను.

మంగను అత్తవారు ఇంట్లోంచి పంపేశారు. రొయ్యల షెడ్డులో రొయ్యల తలలు ఒలిచే పనికి వెళుతోంది. కూతురుంది, ఇప్పుడు పన్నెండేళ్లు. నానమ్మ తన దగ్గరే ఉంచుకుంది. నాన్నను చంపింది అమ్మేనని ఆ పిల్లకు చెప్పి పెంచారు. అమ్మ ఎక్కిన షెడ్డు వ్యాను ఆ వీధిన వెళితే పిల్ల లోపలికి వెళ్లిపోతుందట. ఇదంతా నేను దారిన పోతూ విన్నది కాదు. పండగకో పబ్బానికో అటు వెళ్లి, ఎవరినో ఒకరిని మాటల్లో పెట్టి కనుక్కుంటుంటాను. కనుక్కుని వచ్చేస్తాను.

ఒక్క మాట చాలు. ‘ఆమె అక్కడే ఉంది, లేనిది మేమే’ అని ఆ అత్తగారి గుమ్మంలో నిలబడి చెబితే ఆ పిల్ల తల్లి దగ్గరికి వెళుతుందేమో. ఎన్నిసార్లు అనుకున్నాను? బస్సెక్కి సగం దూరం వెళ్లి దిగిపోయాను, రెండుసార్లు. కేసవుతుందని భయమా? కొట్టులో ఉద్యోగం పోతుందనా? అవి కాదనుకుంటాను. నన్ను ‘బాబూ’ అని పిలిచిన మనిషి మొహం ఆ మాట విన్నాక ఎలా మారుతుందో చూడలేను. ఆమె బతుకు కంటే నాకు అదే పెద్దదైపోయింది.

ఇది ఆమెకు పంపను. పేర్లు మార్చేశాను, ఊరు చెప్పలేదు, చదివినా ఆమెకు తన సంగతేనని రుజువు చేసుకునే దారి లేదు. అంత జాగ్రత్తపడ్డాను. పడుతూనే రాశాను.

రాశాక గుండె తేలికైంది. ఆరేళ్లలో మొదటిసారి. రేపు పొద్దున కూడా ఆమె షెడ్డుకు వెళుతుంది, ఆ పిల్ల లోపలికి వెళ్లిపోతుంది, వాళ్లకు ఏదీ మారలేదని నాకు తెలుసు. తెలిసీ తేలిగ్గానే ఉంది.