మా అత్తగారు అనని మాట

చనిపోయిన మనిషి పేరు చెప్పి నేనొక అబద్ధమాడాను. ఆ అబద్ధం మీద నా కూతురి చదువు నిలబడింది. దాని ఉద్యోగం నిలబడింది. నేను మంచి తల్లినన్న పేరు కూడా దాని మీదే నిలబడింది. ఇన్నేళ్లూ అది తడిసిన గోనెసంచిలా నా గుండెల మీద ఉంది. ఎక్కడ దించాలో తెలియలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. మా పుట్టిల్లు కొల్లేరు అంచున. వానాకాలం దారి మునిగిపోయేది. ఆడపిల్లని పడవెక్కించి పంపడానికి మా నాన్నగారికి ధైర్యం చాలలేదు. ఆయనే అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు, లెక్కలు నేర్పారు. ఏ రోజుకారోజు దేవుడిచ్చినవన్నీ తలుచుకుని దణ్ణం పెట్టుకోవడం కూడా ఆయన నేర్పిందే. కూరలో ఉప్పు సరిపోయినా, బస్సులో చోటు దొరికినా స్వామికి చెప్పుకోవడం నాకు అలవాటు. చెప్పుకోవలసినవి నాకు చాలా ఉన్నాయి. మా ఆయన నెమ్మదస్తుడు. మా అత్తగారు నన్ను ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఈ సంగతి ముందే రాయాలి. ఆవిడ చెడ్డ మనిషై ఉంటే నా తప్పు కొంచెం చిన్నదయ్యేది.

మాకు ఒక్కతే కూతురు. ఇంట్లో బుజ్జి అంటాం. దాన్ని కన్నాక చాలాకాలం నా ఒంట్లో బాగోలేదు. అత్తగారే ఎత్తుకున్నారు. ఆ తర్వాత దించలేదు. ఆవిడకి అక్షరం ముక్క రాదు, అయినా బుజ్జి చదువంతా ఆవిడ దగ్గరే సాగేది. ఆవిడ చింతపండులో పిక్కలు తీస్తూ కూర్చుంటే ఇది ఎదురుగా కూర్చుని పాఠం అప్పజెప్పేది.

"అయితే కరెంటు కూడా తీగలో నీళ్లలాగే పారుద్దంటావా?"

"పారుద్ది మామ్మా."

"మరి చెరువు కాడ మన మోటారు సందేళయ్యేసరికి మూలుగుద్దేంటే? పైనోళ్లు తోడేసుకుంటన్నారా?"

"అదే మామ్మా, ఓల్టేజీ పడిపోవడమంటే! నువ్వు పరీక్ష రాసెయ్యొచ్చు."

"రాసేద్దును గానీ, వేలిముద్రకి మార్కులు ఎయ్యరు గదే."

ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవారు. వంటింట్లో నాకూ నవ్వొచ్చేది. ఆ నవ్వు వెనకాలే ఇంకొకటి వచ్చేది. దానికి నేను అప్పుడు పేరు పెట్టలేదు.

ఇంటర్ దాకా బుజ్జి బాగా చదివింది. తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది, హాస్టల్లో చేర్చాం. మొదటి సెమిస్టర్లోనే రెండు సబ్జెక్టులు పోయాయి. పేరెంట్స్ మీటింగ్‌కి పిలిస్తే వెళ్లాను. "అమ్మాయి తెలివైందేనండీ, కానీ ఎవరితోనూ మాట్లాడదు. ఇంట్లోవాళ్లు ఎవరన్నా దగ్గరుంటే బాగుంటుందండీ" అన్నారు వాళ్ల సారు. మా వైపు ఇది మామూలే. మగవాళ్లు ఊళ్లో చేపల చెరువులూ చేలూ చూసుకుంటారు. తల్లులు కాలేజీ పక్కన చిన్న వాటా అద్దెకి తీసుకుని వండిపెడుతూ పిల్లల్ని చదివించుకుంటారు. నేనూ వచ్చేస్తానన్నాను. బుజ్జి వెంటనే అంది:

"నువ్వొద్దులే అమ్మా, నాన్నకి ఇబ్బంది. మామ్మని పంపు."

అందులో తప్పేముంది? పాపం దానికి కావలసింది అది అడిగింది. నాకు మాత్రం ఎక్కడో కలుక్కుమంది. "ఈ ఇంగ్లీషు చదువులు మామ్మకేం తెలుసమ్మా?" అన్నాను. నాకేదో తెలిసినట్టు.

వాటా తీసుకున్నాం. నేను దానికి ఎదురుగా కూర్చునేదాన్ని. పుస్తకంలో ఉన్నది నాకు అర్థం కాదు. పేజీ తిప్పుతోందో లేదో చూడగలను, అంతే. తిప్పకపోతే "చదువు తల్లీ" అనేదాన్ని. వేళకి పాలు, వేళకి అన్నం, వేళకి దీపం. సాయంత్రమయ్యేసరికి అది ఫోన్లో మామ్మకి పాఠం చెప్పడం మొదలుపెట్టేది. మధ్య మధ్య నవ్వులు. కొన్నాళ్లు చూసి, చదువు చెడుతోందని దాని ఫోను తీసేసుకున్నాను. ఊరెళ్లడం తగ్గించాను. పోయిన సబ్జెక్టులు పాసైంది. అంతకు మించి ఏమీ రాలేదు. పిల్ల ముఖంలో కళ తప్పింది. నేను ఆ పాసునే చూశాను, ముఖం చూడలేదు. కాదు, చూశాను. చూసి కూడా పక్కన పెట్టాను.

రెండో ఏడాది చివరి పరీక్షలు జరుగుతుండగా అత్తగారు నూతి చుట్టూ ఉన్న చపటా మీద కాలు జారి పడ్డారు. తుంటి విరిగింది. ఏలూరు ఆసుపత్రిలో చేర్చారు. మంచాన పడ్డాక ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ దాన్నే కలవరిస్తోంది, ఒకసారి తీసుకురా" అన్నారు. బుజ్జికి నిజం చెప్పలేదు, ఊళ్లో చిన్న పనుందన్నాను. దాన్ని పరీక్షకి పంపి, ఒక్కదాన్నే రైలెక్కి ఏలూరు వెళ్లాను.

నన్ను చూసి మా ఆయన మందులు తేవడానికి కిందికి వెళ్లారు. గదిలో మేమిద్దరమే. అత్తగారు గుమ్మం వైపే చూస్తున్నారు.

"బుజ్జమ్మేదే?"

"పరీక్షలు అత్తయ్యా."

"ఒకపాలి వచ్చి ఎల్లిపొమ్మను. చూసి పంపించేత్తాను. ఫోను చేయిత్తంటే ఎత్తట్లేదేంటే?"

బుజ్జి ఫోను నా సంచిలో ఉంది. స్విచాఫ్ చేసి ఉంది.

"చెప్పానత్తయ్యా. రానంది."

"రానందా?"

"చదువు పాడవుద్దంట."

ఆవిడ గుమ్మం వైపు నుంచి చూపు తిప్పేసుకున్నారు. "నామీద కోపమా దానికి? నేనేం చేశానే?" అన్నారు.

నేను దుప్పటి సర్దాను. అంతే. లేదత్తయ్యా, దానికసలు తెలియదు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మా ఆయన మెట్లెక్కి వచ్చేదాకా టైము ఉంది. నేను దుప్పటి అంచు మడత పెడుతూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ పోయారు.

పరీక్షలు ఇంకా మిగిలి ఉన్నాయి. అవి అయ్యేదాకా పిల్లకి చెప్పొద్దన్నాను. అందరూ సరేనన్నారు. పరీక్షలప్పుడు పిల్లలకి చావు కబురు దాచడం మాలో కొత్త కాదు, దాచిన తల్లిని మెచ్చుకుంటారు కూడా. నేను తలస్నానం చేసి గూడెం వెళ్లి వంట చేశాను. మైలలో దీపం పెట్టకూడదు. దానికి అనుమానం రాకూడదని రోజూ లాగే పెట్టాను. "మామ్మ ఎలా ఉందమ్మా?" అని అడిగింది, అన్నం తింటూ. "బాగుంది" అన్నాను. దీపం వెలుగుతూనే ఉంది.

చివరి పరీక్ష అయ్యాక ఊరికి తీసుకెళ్లాను. మామ్మ మంచం గోడకి నిలబెట్టి ఉండటం చూసి అది గుమ్మంలోనే ఆగిపోయింది. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఎంతసేపు ఏడ్చిందో! నన్ను దగ్గరికి రానివ్వలేదు. చివరికి ఒకటే అడిగింది.

"నన్ను అడిగిందా?"

"అడిగిందమ్మా. పరీక్షలని చెప్పాను. 'అయితే రావద్దను, రాసుకోమను. నా మనవరాలు అందరికంటే ముందుండాలి' అంది."

"మామ్మ అలా అందా?"

"అంది."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. మా అత్తగారి నోటి నుంచి అలాంటి మాట ఎప్పుడూ రాలేదు. 'ముందుండాలి' అనే మనిషి కాదావిడ, 'తిన్నావా' అనే మనిషి. పిల్ల దుఃఖంలో ఉంది కాబట్టి నమ్మింది. ఆ మాట పట్టుకునే లేచి నిలబడింది. అప్పుడు నేను స్వామికి దణ్ణం పెట్టుకున్నాను, చూడండి. గట్టెక్కించావని.

ఆ తర్వాత అది చదివిన చదువు చూస్తే భయమేసేది. నేను ఎదురుగా కూర్చోనక్కర్లేదు, పేజీలు చూడనక్కర్లేదు. నవ్వు లేదు, ఒకరికి చెప్పడం లేదు, ఊరికే చదవడం. బ్రాంచిలో ఫస్టు వచ్చింది. కాలేజీవాళ్లు తల్లిదండ్రులందరినీ పిలిచి, నన్ను స్టేజీ ఎక్కించి మైకు చేతికిచ్చారు. పిల్లల చదువులో తల్లిదండ్రుల పాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను మామ్మ మాట చెప్పాను. హాలంతా చప్పట్లు. కిందికి దిగాక తల్లులు నా చేతులు పట్టుకుని, "మీలాంటి అత్తాకోడళ్లు ఉండాలండీ" అన్నారు. తర్వాత ద్వారకా తిరుమల వెళ్లి మొక్కు తీర్చుకున్నాం. ఎప్పుడూ స్వామి కళ్లలోకి చూసి మొక్కే నేను, ఆ రోజు పాదాల మీది నుంచి చూపు ఎత్తలేకపోయాను.

బుజ్జి ఇప్పుడు ఏలూరులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. మంచి పేరుంది. పిల్లలు నీరసపడితే వాళ్ల మామ్మ కథ చెబుతుందట. అది విన్నప్పుడల్లా లేచి ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్లేదాన్ని.

ఈ మధ్య పరీక్షల రోజుల్లో ఒక ఉదయం ఫోన్ చేసింది. ఉండి అనే ఊరి దగ్గరి అమ్మాయి ఒకతె వాళ్ల హాస్టల్లో ఉందట. తాతగారికి సీరియస్‌గా ఉంది, మనవరాలి కోసం అడుగుతున్నారు. పరీక్షలయ్యేదాకా పిల్లకి తెలియనివ్వొద్దని తల్లిదండ్రులు బుజ్జిని బతిమాలుకున్నారట.

"సరేనన్నానమ్మా. మా మామ్మ కూడా రావద్దనే అందండీ అని చెప్పాను వాళ్లకి. కొంచెం ధైర్యం తెచ్చుకున్నారు పాపం" అంది.

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. నేను పొయ్యి ఆపలేదు.

"ఆ పిల్లని ఇప్పుడే పంపించెయ్యి" అన్నాను.

"అదేంటమ్మా, నువ్వే గదా..."

"మామ్మ రావద్దనలేదు. ఒకసారి వచ్చి వెళ్లమంది. నువ్వు రానన్నావని నేనే చెప్పాను."

అటు నుంచి కాలేజీ పిల్లల మాటలు వినిపిస్తున్నాయి. బుజ్జి తలుపు మూసిన చప్పుడైంది. అప్పుడు అడిగింది.

"మామ్మ ఏమంది?"

ఇంకొక అబద్ధం చెప్పడానికి నాకు వీలుంది. చెప్పలేదు.

"నామీద కోపమా దానికి, నేనేం చేశానే అంది."

ఫోను పెట్టేసింది.

ఆ అమ్మాయిని బుజ్జే కారులో ఎక్కించుకుని వాళ్ల ఊరికి తీసుకెళ్లిందని తర్వాత మా ఆయన చెప్పారు. తాతగారు మనవరాలిని గుర్తుపట్టారట. పరీక్ష ఒకటి పోయింది, మళ్లీ రాసుకుంటుంది. ఈ ఒక్కదానికీ నేను కృతజ్ఞురాలిని. అలా అనుకునే హక్కు నాకుందో లేదో.

బుజ్జి నాతో మాట్లాడటం లేదు. నేను చేస్తే ఎత్తి, "క్లాసుంది" అంటుంది. తిట్టినా బాగుండేది. మా ఆయనకి ఆ రోజే చెప్పేశాను. ఆయన కంచం ముందు చెయ్యి ఆపి, "దాని పేరే కలవరిస్తూ పోయింది మా అమ్మ. రావద్దన్న మనిషి అలా ఎందుకు కలవరించిందా అని అప్పుడే అనుకున్నాను" అన్నారు. లేచి చెరువు వైపు వెళ్లిపోయారు. అప్పటి నుంచి అవసరమైనంత వరకే మాట్లాడుతున్నారు. ఆవిడ ఆయన తల్లి. నేనేం అడగగలను?

అయితే వాళ్లిద్దరికీ కూడా సగమే చెప్పాను. అందుకే ఇదంతా రాస్తున్నాను. నేను చదువు పిచ్చితో అలా చేశానని వాళ్లు అనుకుంటున్నారు. బడి మొహం చూడని తల్లికి కూతురి కాలేజీ మీద ఉన్న ఆశ అనుకుంటున్నారు. అలా అనుకోనిచ్చాను. ఆ మాట కొంచెం గౌరవంగా ఉంది, కొంచెం జాలి కూడా పుడుతుంది. పరీక్షలున్నాయని కబురు దాచినది చదువు కోసమే, నిజం. కానీ 'రానంది' అనడానికి చదువుతో పనేముంది? 'దానికి తెలియదు, అయ్యాక తెస్తాను' అంటే పరీక్ష పోదు కదా! ఆవిడ కొంచెం శాంతించేవారు. నా పిల్లకి కూడా ఏ నష్టమూ రాదు. ఇన్నేళ్లుగా మనసులోనే ఆ ఆసుపత్రి గదిలోకి వెళ్లి వెతుకుతున్నాను, ఆ మాట ఎందుకు వచ్చిందా అని. వెతకడమెందుకు, నాకు తెలుసు. నా కూతురు నన్ను వద్దని ఆవిడని కావాలంది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆవిడకి కూడా తెలియాలనిపించింది, ఆ పిల్లకి అక్కర్లేకపోవడం ఎలా ఉంటుందో. 'రానందా?' అని ఆవిడ ముఖం వాడిపోయినప్పుడు నా లోపల ఏదో తేలికైంది. అవును, తేలికైంది. చావుబతుకుల్లో ఉన్న మనిషి ముందు నిలబడి.

అది చదువు కాదు. అసూయ. నా బిడ్డని పెంచి ఇచ్చినావిడ మీద నాకు అసూయ.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఈ మాట బుజ్జికి ఎప్పటికైనా చెబుతానో లేదో కూడా తెలియదు. ఇవాళ రాశాను. పూర్తిగా రాశాను.