మా ఆవిడ మాటకి మూలం

మొన్న ఒక తగువులో పెద్దమనిషిగా కూర్చుని దొంగని పట్టుకోబోతే, ఆ దొంగ నేనే అని తేలింది. నవ్వుకోండి, ఫరవాలేదు. సగం దాకా నేనూ నవ్వాను.

ఇక్కడ ఈ హిందీ రాష్ట్రంలో, సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ప్లాంటు నుంచి రిటైరయ్యాక నాకున్న పని ఒక్కటేనని మీకు తెలుసుగా. ఆన్‌లైన్‌లో అందరూ కలిసి రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఉంది చూడండి, అందులో వ్యాసాలు దిద్దడం. ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టాను కాబట్టి పాత కాపు కింద లెక్క. ఎవరైనా కొట్టుకుంటే తీర్పుకి నన్ను పిలుస్తారు.

ఈసారి గొడవ వడదెబ్బ వ్యాసంలో. ఒకాయన గుంటూరు డాక్టరు, ఇంకొకాయన అనంతపురం మాస్టారు. మొత్తం యుద్ధం ఒక్క వాక్యం మీద. "సిల్తారా కొలుముల దగ్గర పనిచేసేవారు వడదెబ్బ తగిలితే అరికాళ్ళకు ఉల్లిరసం రాసుకుంటారు, వెంటనే తగ్గుతుంది." వైద్యం సంగతులకి గట్టి మూలం చూపించాలని రూల్. మూలం లేదని డాక్టరు గారు తీసేస్తారు, మాస్టారు మళ్ళీ పెడతారు. రోజుకి మూడుసార్లు.

ఆ వాక్యం చూడగానే గుర్తుపట్టాను. అది మా ఆవిడ సరోజ మాట.

ఒక మే నెలలో డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాను. సరోజ రైల్వే గార్డు కూతురు, సొంతూరు శ్రీకాకుళమే అయినా పుట్టి పెరిగింది ఇక్కడి గుఢియారీలో. ఉల్లిపాయలు దంచి అరికాళ్ళకి రాస్తూనే తిట్టింది. "ఏటండీ, ఇంత లూలో, ఈ వడగాలిలో టోపీ లేకుండా వస్తారా? దిమాగ్ ఉందా అసలు?" సాయంత్రానికి లేచి కూర్చున్నాను. ఆ వారమే ఆ వాక్యం వ్యాసంలో ఎక్కించాను. సరోజ పోయి రెండేళ్ళయింది.

న్యాయంగా అయితే 'ఇందులో నా మనిషి ఉంది, ఈ తీర్పు నాకొద్దు' అని లేచిపోవాలి. లేవలేదు. మూలం కోసం నాలుగు రోజులు వెతికాను. మా అమ్మాయి లావణ్య అన్నం వడ్డించి, చూసీ చూసీ విసుక్కుంది. "నాన్నా, ఖానా ఠండా అయిపోతోంది. మమ్మీ చెప్పిందంటే చాలదా, దానికి మళ్ళీ సోర్స్ ఎందుకు?"

"అక్కడ చాలదమ్మా" అన్నాను.

అయిదో రోజు దొరికింది. విజయవాడలో అచ్చేసిన గృహవైద్యం పుస్తకం. పొల్లు పోకుండా అదే వాక్యం. అచ్చులో సరోజ మాట కనబడేసరికి ఏడుపొచ్చింది, ఆ ఏడుపులో బుర్ర పనిచెయ్యలేదు. ఇరవై లైన్ల తీర్పు రాశాను. పుస్తకం ఉంది, వాక్యం ఉంటుంది, డాక్టరు గారు ఇకనైనా మొండిపట్టు మానాలి అని. మాస్టారు నాకు దండం పెట్టి మరీ పోస్టు పెట్టారు.

మర్నాడు డాక్టరు గారి జవాబు. "అయ్యా, విజయవాడ పుస్తకంలోకి సిల్తారా కొలుములు ఎలా వచ్చాయి? ఒకసారి వ్యాసం చరిత్ర చూడండి."

ఎవరు ఎప్పుడు ఏం రాశారో అంతా అక్కడ దాచి ఉంటుంది. నేను రాసిన మూడేళ్ళకి ఆ పుస్తకం అచ్చయింది. వాళ్ళు మా వ్యాసం నుంచే ఎత్తేశారు. నా కాపీనే నాకు సాక్షిగా తెచ్చుకుని, పైగా డాక్టరు గారికి నీతులు చెప్పానన్నమాట.

అక్కడితో అయిపోయినా బాగుండేది. ఆ వాక్యం ఎక్కించిన రోజున కింద నేను రాసుకున్న గమనిక కూడా ఆయన తవ్వి తీశారు. 'మూలం: మా ఆవిడ. అనుమానముంటే ఆవిడనే అడగండి.' అది టైపు చేస్తుంటే సరోజ పక్కనే కూర్చుని నవ్వింది, నాకు గుర్తుంది. దాని కింద డాక్టరు గారు ఎంతో మర్యాదగా రాశారు. "సార్, ఆవిడనే అడిగి చెప్పండి, ఎక్కడ చదివారో. గట్టి మూలం అయితే ఆ వాక్యం నేనే పెడతాను."

పాపం, ఆయనకేం తెలుసు. 'ఆవిడ లేరు' అని కొట్టడం, చెరపడం, గంటసేపు అదే పని. లావణ్య వెనక నుంచి చదివి, "రహనే దో నాన్నా, వదిలెయ్, జవాబు నేను రాస్తాలే" అంది. వద్దని, డాక్టరు గారికి క్షమాపణ రాసి, ఆ వాక్యం నా చేత్తోనే తీసేశాను. చాలా బాధేసింది.

కానీ మాస్టారు ఊరుకుంటారా? రోజూ రాత్రి దాన్ని మళ్ళీ పెడుతున్నారు. ఏమిటండీ ఇది అంటే, "తీర్పు మీదే కదా సార్" అని నా ఇరవై లైన్లూ నాకే చూపిస్తున్నారు. పొద్దున్నే టీ తాగి నేను తీసేస్తున్నాను.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ మాట కాదని ఒక్కసారి కూడా నెగ్గలేదు. ఇప్పుడు రోజూ నెగ్గుతున్నాను.