కడుపులో పిల్లలతో బేరం

దయ్యాలూ మహిమలూ నేను నమ్మను. ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నా తీసుకోను. చిల్లకూరులో మాది పాత్రల కొట్టు. గిన్నెను వేలితో కొట్టి చూడందే మా ఇంట్లో ఎవరూ దేన్నీ నమ్మరు.

తడ దగ్గర ఒక పరిశోధనశాలలో పనిచేస్తున్నాను. కడుపుతో ఉన్న ఎలుకలను ఎమ్మారై స్కాన్ చేసి, లోపల పిల్లలు ఎలా పెరుగుతున్నాయో చూస్తాం. తల్లిని కోయక్కర్లేదు. చిక్కల్లా ఒకటే. తల్లికి మత్తిచ్చినా పిల్లలు కదులుతూ ఉంటాయి. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది.

ఆ మధ్యాహ్నం ఒక తెల్ల ఎలుకకు చివరి స్కాన్. బొమ్మ రెండుసార్లు చెదిరింది. ఇంకొక్కసారి చూడమన్నారు మా మేడం. అప్పుడూ రాకపోతే తల్లిని కోసి చూడాల్సిందే, ఎక్కువసేపు మత్తులో ఉంచలేం అని తేల్చేశారు.

మొదటి స్కాన్ నుంచీ అది నా చేతుల్లోనే ఉంది. కోతకు నా మనసు ఒప్పలేదు.

యంత్రంలో పెద్ద అయస్కాంతం ఉంటుందని కమ్మలు ముందే తీసి పక్కన పెట్టి ఉన్నాను కదా, దాని నోటి దాకా వంగాను. నాకు వచ్చిన విద్య ఒకటే, బేరం.

"కాసేపు కదలకుండా ఉండండమ్మా. మీ అమ్మ మీద కత్తి పడనియ్యను."

పక్క గదిలో కంప్యూటర్ తెర మీద పిల్లల కదలిక చూస్తున్న రఫీ అన్న, మైకులో నా మాట విని పకపకా నవ్వాడు. "ఏంది పాపా, ఎలకల్తో గూడా బేరమేనా?"

అంతలోనే నవ్వు ఆపేశాడు. "యో! అన్నీ నిలబడిపొయినాయి. ఎడం పక్కది ఒక్కటే తన్నతా ఉండాది."

అలాంటి గిరాకీ నాకు తెలుసు. ధర నచ్చినా కొట్టు మెట్టు దిగబోయి, వెనక్కి పిలుస్తామేమోనని చూసే రకం. కొసరు వేశాను.

"పుట్టినాక నిన్ను ఏ ప్రయోగానికీ ఇయ్యను. ఇంతకంటే నాకు గిట్టదు తల్లీ."

"అదీ ఆగింది!" రఫీ అన్న కేక.

స్కాన్ అయ్యేదాకా ఒక్కటీ కదల్లేదు. బొమ్మ అద్దంలా వచ్చింది. స్కాన్ ముగిశాక తెర మీద మళ్ళీ ఒకసారి చూస్తే, అన్నీ కలిసి తన్నడం మొదలుపెట్టాయి. రఫీ అన్న కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

మత్తు పెంచానేమోనని మేడం అనుమానం. మూడుసార్లూ ఒకటే మోతాదు, ఆవిడే సరిచూసుకున్నారు. తల్లి బతికిపోయింది.

పిల్లలు పుట్టాక తెలిసింది, మోసపోయింది నేనేనని. వాటిలో ఎడం పక్కది ఏదో ఎవరు చెప్పగలరు? ఒకదానికిచ్చిన మాటకు అన్నింటినీ వదిలేయమని మేడం కాళ్ళావేళ్ళా పడాల్సొచ్చింది.

ఆ తర్వాత ఎన్నో తల్లి ఎలుకల దగ్గర అదే మాట, అదే గొంతు, ఇంకా పెద్ద కొసరు. ఒక్కటీ వినలేదు.

ఎలుక పిల్లలకు పుట్టాక కూడా కొన్నాళ్ళ దాకా చెవులు తెరుచుకోవు. తల్లేమో మత్తులో ఉంది. మరి ఆ రోజు నా మాటకు ఒప్పుకున్నది ఎవరో, నాకిప్పటికీ అంతుపట్టడం లేదు.