ముఖం లేని కంప్యూటర్

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. కలలో ఎవరో కనిపించి దారి చూపించారని చెబితే నవ్వి ఊరుకునేదాన్ని. నా ఉద్యోగం అలాంటిది మరి. కంప్యూటర్ మొరాయించిందంటే కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఇప్పటికీ కొత్తగా చేరిన పిల్లలకు అదే చెబుతాను. చెబుతున్నప్పుడు మాత్రం సీబ్‌లో ఆ ఎండాకాలం గుర్తొస్తుంది.

అప్పట్లో, అంటే రెండు వేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతంలో, నేను ఒమాన్‌లో ఉండేదాన్ని. మాది రాజమండ్రి. సీబ్ దగ్గర ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగం. బయటివాళ్ళెవరూ మా కంప్యూటర్లలోకి జొరబడకుండా చూడటం, జొరబడితే ఎక్కడ నుంచి వచ్చారో పట్టుకోవడం నా పని. కేబుళ్ళ పని చూసే జావేద్‌ది హైదరాబాద్. ఆ విభాగానికంతటికీ మేమిద్దరమే.

ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన వైరస్ ఒకటి ఆ వేసవిలో మా నెట్‌వర్క్‌లోకి దిగింది. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి దానంతట అదే పాకేది. పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ తలుపులు తట్టేది. తప్పుడు పాస్‌వర్డ్‌లు ఎక్కువయ్యేసరికి డాక్టర్ల అకౌంట్లన్నీ మూసుకుపోయేవి. ల్యాబ్‌లో తేలిన రిపోర్టు వార్డులో కనిపించేది కాదు. కాగితం పట్టుకుని ఆయాలు మెట్లెక్కి పరిగెత్తేవాళ్ళు.

మేం అన్నిటినీ శుభ్రం చేసేవాళ్ళం. మర్నాటికి మళ్ళీ మొదలు. అంటే మా కంటపడని కంప్యూటర్ ఒకటి ఎక్కడో ఉండి, మిగతావాటికి మళ్ళీ అంటిస్తోందన్నమాట. దాని నెట్‌వర్క్ అడ్రస్ తెరమీద కనిపిస్తోంది. పాత భవనం వైపు నుంచి వస్తోందనీ తెలుస్తోంది. ఆ భవనంలో ఏ గదిలో ఉందో మాత్రం అంతుచిక్కలేదు. పాత కేబుళ్ళమీద పేర్లు లేవు, అన్నీ సీలింగ్ పైన చిక్కుపడి ఉన్నాయి. ఆ వైపంతా ఒకేసారి ఆపేద్దామంటే ల్యాబూ అక్కడే ఉంది.

ఐసీయూలో ఒక కంప్యూటర్ బాగుచేయడానికి వెళ్ళినప్పుడు నర్సు నన్ను పక్కకి పిలిచింది. ఆ మూల మంచం మీద ఉన్నావిడ మీ భాష మనిషే, కాసేపు మాట్లాడండి, వింటుందేమో అంది. పేరు రమణమ్మ. కడప జిల్లా నుంచి వచ్చి, సీబ్‌లో ఒక విల్లాలో ఇంటిపని చేసేదట. మేడమీద బట్టలు ఆరేసి దిగుతూ మెట్ల మీంచి పడింది. తలకి కట్టు, కళ్ళు మూతపడి ఉన్నాయి, స్పృహ లేదు. ఆమె రిపోర్టులు వేళకి అందడం లేదని డాక్టరు చిరాకుపడుతున్నాడు. ఇలాగే ఉంటే వేరే ఆస్పత్రికి పంపించాలి, కానీ ఈ స్థితిలో కదిలిస్తే ప్రమాదం అన్నాడు.

ముక్కూ మొహం తెలియని మనిషితో ఏం మాట్లాడాలి? నా గోడే చెప్పుకున్నాను. "రమణమ్మా, ఎక్కడో ఒక కంప్యూటర్ దాక్కుంది. నీ రిపోర్టులు రాకుండా చేస్తున్నది అదే. దొరకడం లేదమ్మా" అన్నాను. ఆమె రెప్పకూడా కదపలేదు.

ఆ మధ్యాహ్నం ఓపీ మూసేశారు. అక్కడ మధ్యాహ్నాలు ఊరంతా నిద్రపోతుంది. బయట ఉక్కకి కిటికీ అద్దాల మీద ఆవిరి పట్టి, రోడ్డూ ఖర్జూరపు చెట్లూ పాలలో ముంచినట్టు కనిపిస్తున్నాయి. నేను బల్లమీద తల వాల్చాను.

కలలో ఒక పొడుగాటి వరండా. నేలమీద పలచగా నీళ్ళు. కాళ్ళు తడుస్తున్నాయి గానీ చప్పుడు లేదు. నా ముందు ఒక ఆడమనిషి నడుస్తోంది. మొహం కనబడలేదు, తడి జడ మాత్రం కనిపించింది. వెలుతురు ఎక్కడ నుంచి వస్తోందో తెలియదు, గోడలే వెలుగుతున్నట్టుంది. నాకు భయం వేయలేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ దారిలో నడుస్తున్నట్టే ఉంది.

ఒక చోట ఆమె ఆగింది. ఎత్తుగా పేర్చిన తెల్ల దుప్పట్లు. వేడి సబ్బు వాసన. ఆ దుప్పట్ల వెనక నుంచి తేనెటీగల్లాంటి మోత.

"ఈడనే ఉండాది అక్కా," అంది. "దానికి మొగం ల్యా."

మెలకువ వచ్చేసరికి ఆ సబ్బు వాసన ఇంకా ముక్కులోనే ఉంది. సిగ్గుపడుతూనే జావేద్‌ని లేపి, పాత భవనంలో దుప్పట్లు ఉతికే గది ఎక్కడుందని అడిగాను. నేనెప్పుడూ అటు వెళ్ళలేదు.

"గాడ కంప్యూటర్ ఎందుకుంటది మేడం? బట్టలే ఉంటయి," అన్నాడు గానీ, తాళం తెప్పించాడు.

ఆ గదిలో గోడవారగా బీరువా ఎత్తున దుప్పట్లు పేర్చి ఉన్నాయి. వాటిని ఒక్కొక్క కట్టా పక్కన పెట్టాం. వెనక అరమీద దుమ్ము కొట్టుకుపోయిన కంప్యూటర్ పెట్టె ఒకటి గుయ్యిమంటూ నడుస్తోంది. ఒకప్పుడు సిబ్బంది హాజరు కోసం పెట్టారట. దాని మానిటర్ ఎవరో ఎప్పుడో పట్టుకుపోయారు. పెట్టెని ఆపడం మరిచారు.

ముఖం లేదు. జావేద్ కేబుల్ పీకాడు. నా ల్యాప్‌టాప్ తెరమీద ఆ అడ్రస్ ఆగిపోయింది.

"గిది ఎవరు చెప్పిన్రు మేడం మీకు?" అని అడిగాడు. కల అని చెబితే, "యా అల్లా" అని మెల్లగా అన్నాడు.

సాక్ష్యం కోసం దాని డిస్క్ కాపీ తీసి, మిగతా కంప్యూటర్లన్నీ మళ్ళీ శుభ్రం చేశాం. ఈసారి వైరస్ తిరిగి రాలేదు. ఆ పనిలో పడి ఐసీయూ వైపు వెళ్ళడానికి తీరిక దొరకలేదు. ఈలోగా రమణమ్మకు స్పృహ వచ్చిందనీ, వార్డుకి మార్చారనీ నర్సు చెప్పింది.

చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని గంజి తాగుతోంది. నేను పేరు చెప్పుకోకముందే గ్లాసు పక్కన పెట్టింది.

"వచ్చినావా అక్కా? ఆ తెల్లగుడ్డల కాడ మోత నిలిచిపోయిందా?"

మంచం అంచున కూర్చున్నాను. నేను ఆమెతో మాట్లాడింది కలకి ముందే. అప్పటికి దుప్పట్ల సంగతి నాకే తెలియదు. జావేద్ అసలు ఐసీయూ గడపగానీ ఈ వార్డు గడపగానీ తొక్కలేదు. ఐసీయూ కొత్త భవనంలో ఉంది, దుప్పట్ల గది పాత భవనంలో మరో చివర.

"అది అక్కడుందని నీకెలా తెలిసింది రమణమ్మా? నన్నెందుకు తీసుకెళ్ళావు అక్కడికి?" అని అడిగాను.

ఆమె నావైపు వింతగా చూసింది.

"నేను యాడ తీసకపోయినా అక్కా? నాకేం తెలుసు ఆ దావ? నువ్వే గదా ముందర నడిచింది. నీళ్ళల్లో జారతాదేమో అని నీ ఎనకాలనే వచ్చినా. అది యాడుండాదో నువ్వే సూపిచ్చినావు."

తర్వాత ఆమె ఊరికి వెళ్ళిపోయింది. నేనూ ఒమాన్ వదిలేశాను. ఆ వైరస్ ఎలా వచ్చిందో, ఎలా పాకిందో ఇప్పుడు అడిగినా పూస గుచ్చినట్టు చెప్పగలను. ఆ వరండాలో మా ఇద్దరిలో ఎవరు ముందు నడిచారో మాత్రం చెప్పలేను.