దస్తీ వేసిన సీటు

నిన్న చిక్కడపల్లి దగ్గరి థియేటర్‌లో, చిన్ననాటి దోస్తులు విడిపోయే సినిమా చూస్తున్నాను. పక్క సీటు ఖాళీగా ఉంది. నాకు తెలియకుండానే దాని మీద చెయ్యి పెట్టాను.

నాలుగో తరగతిలో ఉండగా చిన్నమ్మ నన్ను నారాయణగూడలో సినిమాకు తీసుకెళ్లింది. అప్పట్లో కింది తరగతి సీట్లకు నంబర్లుండేవి కావు. ముందుగా దస్తీ వేసినవాళ్లదే సీటు. అశోక్‌నగర్‌లో మా పక్కింట్లో కిరాయికుండే శీను ముందురోజే చెప్పాడు: "నాకు జాగ ఆపు, మా నాయనతోని వస్త."

సినిమా రోజు పొద్దున శీను వాళ్ల మంచాలు, బీరువా బయట కనిపిస్తే ఇంటికి సున్నం వేస్తున్నారనుకున్నాను.

చెమటకు తడిసిన దస్తీ జేబులోంచి తీసి పక్క సీటు మీద పరిచాను. లైట్లు ఆరాయి. నేను సినిమా వదిలేసి తలుపుకున్న పరదానే చూస్తున్నాను. అది కదిలినప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది. ఇంతలో ఒకాయన వచ్చి దస్తీ తీయబోయాడు. నేను సీటు మీద బోర్లా పడి రెండు చేతులతో పట్టుకున్నాను.

"మా శీను వస్తడన్నా, జర ఆగుండ్రి."

ఆయన చిన్నమ్మ వైపు చూశాడు.

"వస్తడు, తొవ్వల ఉన్నడు" అంది చిన్నమ్మ.

శీను వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారని ఆమెకు అప్పటికే తెలుసు. ఎక్కడికి వెళ్లారో మాత్రం మా గల్లీలో ఎవరికీ తెలియదు. నాకు ఇప్పటికీ తెలియదు.

"ఇక్కడ ఎవరన్న ఉన్నరా అన్నా?" అని నిన్న చీకట్లో ఒకతను అడిగాడు.

సీటు మీది నుంచి చెయ్యి తీశాను.